రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవట్లేదా? రీసెట్ బటన్ నొక్కకముందే చూసుకోవాల్సినవి

రొట్టెల పండక్కి నెల్లూరు వచ్చిన చుట్టాలందరికీ వై-ఫై పాస్‌వర్డ్ చెప్పేశారు. పండగ అయిపోయింది, పాస్‌వర్డ్ మాత్రం పక్కింటి కుర్రాళ్ల దాకా పాకింది. మార్చేద్దామని, రూటర్ సెట్టింగ్స్ పేజీ అడ్రస్ అని అందరూ చెప్పే 192.168.1.1 ఫోన్‌లో కొడితే పేజీ తెల్లగా ఉండిపోతుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది, చివరికి 'దిస్ సైట్ కాంట్ బి రీచ్డ్' అని వస్తుంది. మాగుంట లేఅవుట్ అపార్ట్‌మెంట్లలోనూ ఇదే గోల, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర షెడ్లలోనూ ఇదే గోల, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసుల్లోనూ ఇదే. "అన్నా, నెట్ వస్తానే ఉంది, ఆ పేజీ ఒక్కటే రాట్లా" అంటారు.

ఇక్కడ చాలామంది చేసే పని, ఏదో వీడియో చూసి రూటర్ వెనకున్న చిన్న బొక్కలో గుండుసూది గుచ్చడం. బజార్లో కొన్న మామూలు రూటరైతే దానివల్ల చాలాసార్లు పెద్ద నష్టం ఉండదు. ఫైబర్ కనెక్షన్ బాక్సు అయితే మాత్రం అంతవరకూ ఆడుతున్న నెట్ కూడా పోవచ్చు. పైగా అది ఆదివారం సాయంత్రమైతే కేబుల్ ఆపరేటర్ ఫోన్ ఎత్తడు. అందుకే రీసెట్‌ను ఈ వ్యాసంలో చివరికి నెట్టాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. సెట్టింగ్స్ పేజీ ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండదు, మీ ఇంట్లో ఉన్న ఆ బాక్సులోనే ఉంటుంది. ఊళ్లో ఫైబర్ తెగినా, బిల్లు కట్టక లైను ఆపేసినా ఆ పేజీ రావాలి. రాలేదంటే చూడాల్సినవి మూడే: మీ ఫోన్ నిజంగా ఆ బాక్సుతోనే మాట్లాడుతోందా, మీరు కొడుతున్న నంబర్ ఆ బాక్సుదేనా, మధ్యలో బ్రౌజర్ అడ్డం పడుతోందా. పాస్‌వర్డ్ తంటా వీటి తర్వాత.

1. బాక్సు దగ్గరికెళ్లి లైట్లు చూడండి

పవర్ లైట్ స్థిరంగా వెలగాలి. వై-ఫై లైటు వెలగాలి. ఫైబర్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ అని ఒక లైటు ఉంటుంది. అది ఎర్రగా కొట్టుకుంటోందంటే బయటి నుంచి ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం. దాన్ని ఆపరేటరే చూడాలి, కానీ సెట్టింగ్స్ పేజీకి దానితో సంబంధం లేదు. దాన్ని చూసి టెన్షన్ పడి ఇక్కడే ఆగిపోకండి.

లైట్లన్నీ వెలుగుతున్నా పేజీ రాకపోతే, మొదట ఒకసారి స్విచ్ ఆపి, పది సెకన్లు ఆగి, మళ్లీ వేయండి. ఇది రీస్టార్ట్ మాత్రమే, సెట్టింగ్స్ ఏవీ పోవు. నెలల తరబడి ఆపకుండా నడిచే చిన్న బాక్సుల్లో నెట్ ఆడుతూనే ఉంటుంది, లోపలి పేజీ మాత్రం బిగుసుకుపోతుంది. వోల్టేజీ ఊగిసలాడి కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇలాగే అవుతుంది. స్విచ్ వేశాక ఫైబర్ బాక్సు పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. లైట్లు ఇంకా కొట్టుకుంటుండగానే పేజీ తెరిచి 'రాలేదు' అనుకోవద్దు.

లైట్లు వెలిగి ఆరి, మళ్లీ వెలిగి ఆరుతుంటే అడాప్టర్‌ను అనుమానించండి. బాక్సు కింద 12 వోల్టులు, 1 యాంపియర్ అని రాసి ఉంటే అడాప్టర్ మీద కూడా 12 వోల్టులే ఉండాలి, యాంపియర్ అంతో అంతకన్నా ఎక్కువో ఉండాలి. పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని పెట్టేస్తుంటారు. పిన్ను సరిపోయినంత మాత్రాన కరెంటు సరిపోదు.

2. ఆ అంకెలు ఎక్కడ కొడుతున్నారు, ఎలా కొడుతున్నారు

గూగుల్ వెతుకులాట పెట్టెలో కొడితే గూగుల్ ఆ నంబర్ గురించి వ్యాసాలు చూపిస్తుంది. అందులో మొదటి లింకు నొక్కి, అక్కడ కనిపించిన 'లాగిన్' బటన్‌లో తమ పాస్‌వర్డ్ కొట్టేవాళ్లూ ఉన్నారు. అది మీ రూటర్ కాదు, ఎవరిదో వెబ్‌సైటు. నంబర్‌ను బ్రౌజర్ పైనున్న అడ్రస్ పట్టీలోనే కొట్టాలి. అక్కడ కొట్టినా వెతుకులాటకే వెళ్తుంటే ముందు హెచ్‌టీటీపీ, కోలన్, రెండు వాలు గీతలు పెట్టి, ఆ తర్వాత నంబర్ ఇవ్వండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టకూడదు.

ఇక కొట్టడంలో తప్పులు. వాట్సాప్‌లో ఎవరో పంపిన అడ్రస్‌ను కాపీ చేసి అతికిస్తే అందులో ఒకటి అంకె బదులు ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సున్నా బదులు ఓ అక్షరం కూడా ఇలాగే దొంగచాటుగా దూరుతుంది. చుక్క బదులు కామా పడుతుంది. 192.168 బదులు 198.162 అని తారుమారు అవుతుంది. కాపీ చేయకుండా అంకెల కీబోర్డులో మీ చేత్తో మీరే కొట్టండి.

3. అసలు మీ బాక్సు నంబర్ 192.168.1.1 అని ఎవరు చెప్పారు?

నా లెక్కలో సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం మూడు రకాల నంబర్లను ఇళ్ల లోపల, ఆఫీసుల లోపల వాడుకోవడానికి వదిలేసింది: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకూ ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. ప్రతి వీధిలోనూ మూడో నంబర్ ఇల్లు ఉన్నట్టే, 192.168.1.1 లక్షల ఇళ్లలో ఉంటుంది. మీ ఇంట్లోనూ అదే ఉండాలని రూలేమీ లేదు. కంపెనీ ఏది పెడితే అది.

తరచుగా కనిపించేవి చెబుతాను. జియోఫైబర్ బాక్సుకు 192.168.29.1. జేబులో పెట్టుకునే జియోఫై పరికరానికి 192.168.225.1. డీ-లింక్ రూటర్లకు ఎక్కువగా 192.168.0.1. టీపీ-లింక్‌కు 192.168.0.1 లేదా 192.168.1.1. హువావే ఫైబర్ బాక్సులు కొన్నింటికి 192.168.100.1. షావోమీ రూటర్లకు 192.168.31.1. బాక్సు కిందున్న స్టిక్కర్ మీద కూడా నంబర్ రాసి ఉంటుంది, కానీ బాక్సు పెట్టినతను దాన్ని మార్చి ఉండొచ్చు. స్టిక్కర్‌ను నమ్మడం కన్నా మీ ఫోన్‌నే అడగడం మంచిది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, వై-ఫైలో మీరు కనెక్ట్ అయిన పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. కిందికి జరిపితే ఐపీ అడ్రస్, గేట్‌వే అని కనిపిస్తాయి. గేట్‌వే ఎదురుగా ఉన్న నంబరే మీకు కావాల్సింది. కొన్ని ఫోన్లు గేట్‌వే చూపించవు, ఐపీ అడ్రస్ మాత్రమే చూపిస్తాయి. అప్పుడు మొదటి మూడు భాగాలు అలాగే ఉంచి చివరిది 1 చేసి ప్రయత్నించండి. ఫోన్ అడ్రస్ 192.168.29.47 అయితే 192.168.29.1 అన్నమాట. ఇది ఊహే, కానీ ఎక్కువసార్లు నిజమవుతుంది.

ఐఫోన్‌లో ఇంకా తేలిక. సెట్టింగ్స్, వై-ఫై, పేరు పక్కనున్న ఐ గుర్తు. అక్కడ రూటర్ అనే వరుసలోనే నంబర్ ఉంటుంది.

విండోస్ కంప్యూటర్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. బారెడు సమాచారం వస్తుంది, అదంతా చూసి బెదిరిపోకండి. వై-ఫైతో కనెక్ట్ అయి ఉంటే వైర్‌లెస్ అని ఉన్న భాగంలో, కేబుల్‌తో అయితే ఈథర్‌నెట్ భాగంలో 'డిఫాల్ట్ గేట్‌వే' ఎదురుగా చూడండి. వర్చువల్ అని రాసి ఉన్న భాగాలను వదిలేయండి.

ఈ వెతుకులాటలో మీ ఫోన్ లేదా కంప్యూటర్ అడ్రస్ 169.254తో మొదలవుతూ కనిపిస్తే అక్కడే దొంగ దొరికినట్టు. రూటర్ నుంచి నంబర్ అందక, పరికరం తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది. గేట్‌వే ఖాళీగా ఉంటుంది. ఇంక బ్రౌజర్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. వై-ఫై పేరును ఒకసారి ఫర్‌గెట్ చేసి మళ్లీ కలపండి. కేబుల్ అయితే పీకి పెట్టండి. అప్పటికీ అంతే ఉంటే రూటర్ రీస్టార్ట్.

4. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి

చిన్న పనే గానీ, లైను పోయినప్పుడు ఇది చేయకపోవడం వల్లే చాలాసార్లు పేజీ రాదు. వై-ఫైలో ఇంటర్నెట్ లేదని ఫోన్ గ్రహిస్తే, పైన వై-ఫై గుర్తు చూపిస్తూనే లోలోపల సిమ్ డేటాకు మారిపోతుంది. మీరు కొట్టిన 192.168.29.1 మీ హాల్లో ఉన్న బాక్సుకు వెళ్లకుండా సెల్ టవర్ వైపు వెళ్తుంది, అక్కడ దానికి జవాబు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మొబైల్ డేటా ఆపండి. 'ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా?' అని ఫోన్ అడిగితే ఉంటానని చెప్పండి.

మీ నెట్‌ను వేరే దారిలో తిప్పి పంపే వీపీఎన్ యాప్ ఏదైనా ఆన్‌లో ఉంటే దాన్ని కూడా ఆపండి. ఆఫీసు లాప్‌టాప్‌లతో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇది మామూలే. ఆఫీసు వీపీఎన్ ఇంటి నంబర్లను కూడా తనవైపు లాగేసుకుంటుంది. ఆఫీసు వాళ్లు దాన్ని ఆపనివ్వకపోతే ఇంట్లో వేరే ఫోన్ వాడండి.

ఇంకొకటి, మీరు కలిసింది గెస్ట్ వై-ఫై కాదు కదా? గెస్ట్ పేరుతో ఇచ్చే నెట్‌వర్క్ ఉద్దేశమే చుట్టాలకు నెట్ ఇచ్చి, ఇంటి లోపలి పరికరాలను కనిపించకుండా చేయడం. దాని నుంచి సెట్టింగ్స్ పేజీ రాదు. పేరు చివర 5జీ అని ఉన్నదానిలో ఉన్నా, మామూలు పేరులో ఉన్నా ఫర్వాలేదు, అవి రెండూ ఒకే రూటర్‌వి.

5. బ్రౌజర్ ఏం చెబుతోందో చదవండి

చాలామంది ఎర్రర్ అనగానే కిటికీ మూసేస్తారు. ఆ ఇంగ్లీషు ముక్కల్లోనే సగం జవాబు ఉంటుంది.

'టుక్ టూ లాంగ్ టు రెస్పాండ్' అంటే ఆ నంబర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నంబర్ తప్పు, లేదా మీరు వేరే నెట్‌వర్క్‌లో ఉన్నారు. 3, 4 మెట్లకు తిరిగి వెళ్లండి.

'రిఫ్యూజ్డ్ టు కనెక్ట్' అంటే ఇది చాలా వరకు మంచి కబురే. ఆ నంబర్‌లో ఒక పరికరం ఉంది, మీరు తట్టిన తలుపు మాత్రం మూసి ఉంది. హెచ్‌టీటీపీ బదులు చివర ఎస్ చేర్చి హెచ్‌టీటీపీఎస్ అని పెట్టి చూడండి. ఎస్ ఉంటే తీసి చూడండి. కొన్ని బాక్సుల్లో నంబర్ చివర కోలన్ పెట్టి 8080 అని చేర్చాల్సి వస్తుంది.

'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అని ఎర్ర గుర్తు వస్తే భయపడకండి. రూటర్ తన సర్టిఫికెట్‌ను తానే రాసుకుంటుంది కాబట్టి బ్రౌజర్ దాన్ని నమ్మదు. అడ్వాన్స్‌డ్ నొక్కి, ప్రొసీడ్ నొక్కితే పేజీ వస్తుంది. కాకపోతే ఆ నంబర్ మీ గేట్‌వేనే అని తేల్చుకున్నాకే ఈ పని చేయండి. బ్యాంకు సైట్లో ఇదే హెచ్చరిక వస్తే మాత్రం ముందుకు పోవద్దు.

పేజీ సగం వచ్చి, బటన్లు పనిచేయకపోతే ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి. బ్రౌజర్ దాచి పెట్టుకున్న పాత పేజీలు (క్యాష్), ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్లు అన్నీ పక్కకు పోతాయి. అప్పటికీ రాకపోతే వేరే బ్రౌజర్. పాత రూటర్ పేజీలు కొన్నింటికి కొత్త క్రోమ్‌తో సరిపడదు, ఫైర్‌ఫాక్స్‌లో వస్తాయి.

టీపీ-లింక్ వాళ్లు నంబర్ బదులు టీపీలింక్‌వైఫై డాట్ నెట్ అనే పేరు కూడా ఇస్తారు. ఆ రూటర్‌కు కలిసి ఉన్నప్పుడే ఆ పేరు పనిచేస్తుంది. ఎందుకంటే ఆ పేరుకు జవాబిచ్చేది రూటరే. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు నంబర్లు చెప్పే బయటి సర్వీసు) పెట్టుకుని ఉంటే ప్రశ్న రూటర్‌ను దాటుకుని బయటికి పోతుంది, పేరు పనిచేయదు. నంబర్ కొడితే ఆ ఇబ్బంది ఉండదు.

6. ఇంట్లో రెండు బాక్సులు ఉంటే

ఒంగోల్లో ఒక రెండంతస్తుల ఇల్లు అనుకోండి. కింద హాల్లో ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ బాక్సు. పైన గదికి సిగ్నల్ అందక, బజార్లో ఇంకో రూటర్ కొని, కేబుల్ లాగి పైన పెట్టారు. పైన పడుకుని 192.168.1.1 కొడతారు. వచ్చేది ఏ బాక్సు పేజీ? అది మీరు ఎవరి వై-ఫైలో ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. గేట్‌వే అంటే మీకు దగ్గరున్న బాక్సే.

పై రూటర్ నంబర్ 192.168.0.1, కింది బాక్సు 192.168.1.1 అయితే గొడవ లేదు. పైన కూర్చుని రెండు పేజీలూ తెరవొచ్చు. రెండిటికీ ఒకటే నంబర్ ఉంటే పైనున్నవాళ్లకు కిందిది ఎప్పటికీ కనిపించదు. కొన్ని రూటర్లు తెలివిగా, పైనుంచి వచ్చే నంబర్ తమదానితో కొట్టుకుంటుందని గమనించి తమ నంబర్‌ను వాటంతట అవే మార్చేసుకుంటాయి. స్టిక్కర్ మీది నంబర్ పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఎన్ని బాక్సులున్నాయో తేల్చుకోవడానికి విండోస్ నల్ల కిటికీలో ట్రేసర్ట్ (tracert) అని కొట్టి, ఖాళీ ఇచ్చి, 8.8.8.8 కొట్టండి. మొదటి వరుసలో వచ్చేది మీ దగ్గరి రూటర్. రెండో వరుసలో కూడా 192.168తో మొదలయ్యేది వస్తే అది ఎక్కువగా వెనకున్న ఫైబర్ బాక్సే. 100.64 నుంచి 100.127 మధ్య నంబర్ వస్తే అది ఆపరేటర్ నెట్‌వర్క్ లోపలిది, మన పని దానితో లేదు.

రిపీటర్లతో ఇంకో తిరకాసు. మంచం పక్కన ప్లగ్గులో పెట్టిన చిన్న ఎక్స్‌టెండర్‌కు దాని పేజీ దానికి ఉంటుంది. అందులో పాస్‌వర్డ్ మార్చి 'రూటర్‌ది మారలేదే' అని తల పట్టుకుంటారు. అసలు రూటర్ పేజీ కావాలంటే ఆ బాక్సు ఉన్న గదిలోకి వెళ్లి, దాని వై-ఫైకే కలవండి.

రొయ్యల గుంటల దగ్గర పెట్టే సిమ్ రూటర్ల సంగతి వేరు. అక్కడ రూటర్ పక్కనే సీసీ కెమెరాల రికార్డింగ్ బాక్సు, అంటే డీవీఆర్ ఉంటుంది. హిక్‌విజన్ పరికరాలకు మొదట్లో 192.168.1.64, దాహువా వాటికి 192.168.1.108 ఉంటాయి. ఎవరో బిగించేటప్పుడు డీవీఆర్‌కు చేత్తో 192.168.1.1 ఇచ్చేసి పోయారనుకోండి, రూటర్, డీవీఆర్ రెండూ ఒకే నంబర్ కోసం కొట్టుకుంటాయి. ఒకసారి రూటర్ పేజీ వస్తుంది, ఇంకోసారి కెమెరా లాగిన్ వస్తుంది, మరోసారి ఏదీ రాదు. ఏరియేటర్ల మోటార్ల వల్ల వోల్టేజీ ఊగుతోందని అందరూ కరెంటు మీద పడతారు. డీవీఆర్ వెనకున్న నెట్ కేబుల్ పీకి ఒకసారి పేజీ తెరిచి చూడండి. వెంటనే వచ్చిందంటే తప్పు డీవీఆర్ నంబర్‌ది. దానికి రూటర్‌ది కాని వేరే నంబర్ ఇవ్వాలి.

7. వై-ఫై వదిలేసి కేబుల్‌తో

పైవన్నీ అయ్యాక కూడా రాకపోతే లాప్‌టాప్‌ను నేరుగా బాక్సుకు కలపండి. ఇంట్లోని పరికరాల కోసం ఉండే, లాన్ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి. బయటి లైను కోసం వేరే రంగులో ఉండే వాన్ పోర్టులో పెడితే పేజీ రాదు. టీవీ కూడా వచ్చే ఫైబర్ బాక్సుల్లో ఒక లాన్ పోర్టును టీవీ బాక్సుకు ప్రత్యేకించి ఉంచుతారు, అందులోంచి కూడా రాకపోవచ్చు. ఒకటో నంబర్ పోర్టుతో మొదలుపెట్టి ఒక్కోటీ మార్చి చూడండి. పోర్టు దగ్గర చిన్న లైటు వెలగాలి. వెలగకపోతే కేబుల్ పోయినట్టే.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో కేబుల్ కొనను వెలుతురులో పట్టుకుని చూడండి. లోపల ఎనిమిది సన్నటి పసుపు రేకులు వరసగా ఉంటాయి. ఉప్పుగాలికి వాటి మీద ఆకుపచ్చగానో నల్లగానో పొర కడుతుంది. ఒక్క రేకు చెడినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. దాన్ని తుడుస్తూ కూర్చోకుండా ఆ కొన కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించండి.

కేబుల్ కలిపాక నల్ల కిటికీలో పింగ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, గేట్‌వే నంబర్ కొట్టండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. 'రిప్లై ఫ్రమ్' అని కనిపించగానే రూటర్ పలికిందని సంతోషపడకండి. ఆ వరుస చివరిదాకా చదవండి. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని ఉంటే పలికింది మీ కంప్యూటరే, 'అటువైపు ఎవరూ లేరు' అంటోంది. టైమ్, మిల్లీసెకన్లు కనిపిస్తేనే అటునుంచి జవాబు వచ్చినట్టు.

ఇక మిగిలింది, ఎప్పుడో కంప్యూటర్‌కు చేత్తో పెట్టిన ఐపీ అడ్రస్. కాలేజీలోనో ఆఫీసులోనో పెట్టి మరిచిపోయి ఉంటారు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 దగ్గర 'ఆటోమేటిక్' అని ఉండాలి. దానికి వ్యతిరేకమైన సందర్భం కూడా ఒకటి ఉంది. ఫైబర్ బాక్సును బ్రిడ్జ్ పద్ధతిలో పెట్టి ఉంటే అది ఎవరికీ నంబర్లు పంచదు. అప్పుడు దాని పేజీ చూడాలంటే లాప్‌టాప్‌కు మీరే తాత్కాలికంగా నంబర్ ఇవ్వాలి. బాక్సు 192.168.1.1 అయితే లాప్‌టాప్‌కు 192.168.1.10, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. పని కాగానే మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చండి, లేకపోతే రేపు ఆ లాప్‌టాప్‌లో నెట్ రాదు.

8. పేజీ వచ్చింది, పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు

ఇక్కడ అడిగేది వై-ఫై పాస్‌వర్డ్ కాదు. రూటర్ లోపలికి వెళ్లే లాగిన్ వేరు. స్టిక్కర్ మీద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అని విడిగా రాసి ఉంటాయి. పాత రూటర్లలో రెండూ అడ్మిన్ అనే ఉంటాయి, అన్నీ చిన్న అక్షరాలు. స్టిక్కర్ కింద వైపు ఉండి, గోడకు మేకులు కొట్టి బిగించిన బాక్సు అయితే ఫోన్ కెమెరాను వీడియోలో పెట్టి కిందికి చాపండి, బాక్సును ఊడదీయక్కర్లేదు. ఫైబర్ తీగ మాత్రం మడతపడకుండా చూసుకోండి. సన్నగా పసుపు రంగులో ఉండే ఆ తీగ లోపల ఉన్నది గాజు.

తప్పు పాస్‌వర్డ్ వరసగా కొడుతూ పోతే చాలా రూటర్లు కొంతసేపు తలుపు మూసేస్తాయి. ఆ తర్వాత సరైనది కొట్టినా తీసుకోవు. ఒక అరగంట ఆగండి. 'ఇంకొకరు ఇప్పటికే లాగిన్ అయ్యారు' అని వస్తే ఇంట్లో ఎవరి ఫోన్‌లోనో ఆ పేజీ తెరిచి ఉంది. మూయించండి లేదా రూటర్ ఒకసారి ఆపి వేయండి.

బ్రౌజర్ తనకు గుర్తున్న పాత పాస్‌వర్డ్‌ను చుక్కలుగా నింపేస్తుంది. ఆ గడిని పూర్తిగా చెరిపి మళ్లీ కొట్టండి, కన్ను గుర్తు నొక్కి చూసుకోండి.

ఆపరేటర్ ఇచ్చిన బాక్సుల్లో రెండు స్థాయిల లాగిన్లు ఉంటాయి. ఒకటి ఇంటివాళ్లకు, ఇంకొకటి ఆపరేటర్‌కు. ఇంటివాళ్ల లాగిన్‌తో వై-ఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు గానీ లైను సెట్టింగ్స్ కనిపించవు. అది బాక్సు లోపం కాదు. కనీసం మొదటి లాగిన్ అయినా మీకు ఇవ్వమని అడగండి. ఇంట్లో బాక్సు పెట్టి దాని తాళం తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోవాల్సిన పని లేదు.

వై-ఫై పాస్‌వర్డ్ మార్చడమే మీ పని అయితే ఈ పేజీ దాకా రావాల్సిన అవసరం కూడా లేకపోవచ్చు. జియో వాళ్లకు మైజియో యాప్‌లోనూ, ఎయిర్‌టెల్ వాళ్లకు థాంక్స్ యాప్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. నిజానికి ఇంట్లో పెద్దవాళ్లకు ఆ దారే సుఖం.

9. రీసెట్, ఇక తప్పనప్పుడే

ముందు మీది ఏ రకం బాక్సో చూడండి. సన్నటి ఫైబర్ తీగ నేరుగా లోపలికి వెళ్తుంటే అది ఫైబర్ బాక్సు. దాన్ని రీసెట్ చేస్తే, ఆపరేటర్ లైనుకు బాక్సు లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, లైను సెట్టింగ్స్‌లో పెట్టే వీలాన్ నంబర్ లాంటివి తుడిచిపెట్టుకుపోవచ్చు. కొన్ని కంపెనీల బాక్సులకు ఈ వివరాలు దూరం నుంచే మళ్లీ వచ్చి చేరతాయి. చిన్న ఆపరేటర్ల దగ్గర మాత్రం మనిషి వచ్చి కొట్టాల్సిందే. అందుకని ముందు ఆపరేటర్‌కు ఫోన్ చేయండి: "నా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ వాట్సాప్ చేయండి, రీసెట్ చేయాలి." అవి చేతికొచ్చాకే సూది తీయండి. చాలాసార్లు ఇలా అడగగానే, 'మీరేం ముట్టుకోకండి సార్, నేనే ఇక్కణ్నుంచి మార్చేస్తా' అని వాళ్లే పాస్‌వర్డ్ మార్చి ఇస్తారు. అప్పుడు రీసెట్ అవసరమే రాదు.

మీరు సొంతంగా కొన్న రూటర్ అయితే కూడా పీపీపీఓఈ వివరాలు అందులోనే ఉండొచ్చు, కాబట్టి అదే జాగ్రత్త.

బాక్సుకు కరెంటు ఉండగానే, సిమ్ తీసే పిన్నుతో బొక్కలోని బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి. లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరతాయి, అప్పుడు వదలండి. రెండు సెకన్లు నొక్కి వదిలేస్తే కొన్నింటిలో రీస్టార్ట్ మాత్రమే అవుతుంది. కొన్ని రూటర్లలో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా వై-ఫై కలిపేది), రీసెట్ రెండూ ఒకే బటన్ మీద ఉంటాయి, పొట్టిగా నొక్కితే ఒకటి, ఎక్కువసేపు పట్టుకుంటే ఇంకొకటి. మధ్యలో కరెంటు తీయొద్దు. రెండు మూడు నిమిషాల్లో స్టిక్కర్ మీదున్న పేరుతో వై-ఫై కనిపిస్తుంది. మీ పాత పేరు కోసం వెతుకుతూ 'వై-ఫై చచ్చిపోయింది' అనుకోకండి.

10. లోపలికి వెళ్లారు కదా, ఈ నాలుగూ చేసి రండి

లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి, వై-ఫైది వేరేది పెట్టండి. వైర్‌లెస్ సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. బయటి నుంచి బాక్సు సెట్టింగ్స్ మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే, బాక్సు మీ సొంతమైతే, ఆపేయండి. చుట్టాల కోసం గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి పెట్టండి. వచ్చే ఏడు రొట్టెల పండక్కి అదే ఇవ్వొచ్చు, వాళ్లు వెళ్లగానే ఆపేయొచ్చు.

చివరగా సిస్టమ్ టూల్స్ లాంటి పేరుతో ఉన్న మెనూలో బ్యాకప్ ఉందేమో చూసి ఆ ఫైలును దించుకోండి. బాక్సు స్టిక్కర్ ఫోటో, ఆపరేటర్ పంపిన యూజర్ ఐడీ వివరాలు, ఈ బ్యాకప్ ఫైలు ఒకేచోట పెట్టుకోండి. ఫోన్ పోతే అన్నీ పోతాయి కాబట్టి కొత్త లాగిన్ పాస్‌వర్డ్‌ను ఒక చీటీ మీద రాసి బాక్సు వెనక అతికించేవాళ్లుంటారు. హాల్లో అందరికీ కనిపించే బాక్సు అయితే అది వద్దు. ఆ చీటీని కరెంటు బిల్లులు పెట్టుకునే ఫైల్లో పెట్టండి.